ఉద్యోగం లేనప్పుడు బెంగళూరులో కాల్ సెంటర్‌లో చేరడం ఎలా? ముందు షిఫ్టు చూడండి

లేఆఫ్‌లో ఉద్యోగం పోయినవాళ్లు, డిగ్రీ పూర్తయి ఏడాది దాటినా ఒక్క ఆఫర్ కూడా రానివాళ్లు, ఒకటి రెండు బ్యాక్‌లాగ్‌లు మిగిలిపోయి ఇంటి నుంచి డబ్బులు తెప్పించుకుంటూ పీజీ హాస్టల్‌లో ఉంటున్నవాళ్లు... మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఏ ఆంధ్రా మెస్‌లో కూర్చున్నా ఇలాంటి మన పిల్లలు కనిపిస్తారు. "మంచి ఉద్యోగం దొరికేదాకా కాల్ సెంటర్‌లో చేరనా అన్నా?" అని అడుగుతుంటారు. చేరమనే చెబుతాను. నెలనెలా జీతం వస్తుంది, పీఎఫ్ పడుతుంది, రెజ్యూమెలో గ్యాప్ పెరగదు, కొత్తవాళ్లతో బెరుకు లేకుండా మాట్లాడటం అలవాటవుతుంది. కాకపోతే ముందూ వెనకా చూసుకోకుండా చేరితే ఆర్నెల్లనుకున్నది మూడేళ్లు అవుతుంది. అలా ఉండిపోయినవాళ్లకి తెలివి తక్కువై కాదు. నిద్ర చాలక, ఇంటర్వ్యూకి వెళ్లే ఓపిక మిగలక ఉండిపోయారు.

అందుకే మొదటి మాటగా చెబుతున్నాను: జీతం కన్నా ముందు షిఫ్టు అడగండి. రోజుకి తొమ్మిది గంటలు కంపెనీకి ఇస్తారు, రానూపోనూ ఇంకో రెండు గంటలు. మిగిలిన సమయంలోనే మీ అసలు ఉద్యోగం వెతుక్కోవాలి. ఆ సమయం రోజులో ఎప్పుడు పడుతుందో, అప్పటికి మీలో ఎంత ఓపిక ఉంటుందో షిఫ్టే తేలుస్తుంది. రెండు వేలు ఎక్కువొస్తాయని ఆ సమయాన్ని వదులుకోవద్దు.

డబ్బులు అయిపోకముందే తేల్చుకోండి

కాల్ సెంటర్ అంటే ఇవాళ వెళ్తే రేపు చేర్చుకుంటారని చాలామంది అనుకుంటారు. ఇంటర్వ్యూ వరకూ అది నిజమే, రౌండ్లన్నీ ఒక్కరోజులో అయిపోవచ్చు. కానీ కొత్త బ్యాచ్ ఎప్పుడు మొదలైతే అప్పుడే చేర్చుకుంటారు. చేరిన తేదీ ఆ నెల పేరోల్ గడువు దాటితే మొదటి జీతం పై నెలలోనే పడుతుంది. ఇంటర్వ్యూ నుంచి మొదటి జీతానికి నెలన్నర, ఒక్కోసారి రెండు నెలలు పడుతుందని లెక్కేసుకోండి. అంటే చేతిలో కనీసం రెండు నెలల అద్దె, తిండి ఖర్చు ఉన్నప్పుడే వెతకడం మొదలుపెట్టాలి. పూర్తిగా ఖాళీ అయ్యాక వెళ్తే ఏ షిఫ్టు ఇచ్చినా, ఎంతిచ్చినా తలూపాల్సి వస్తుంది. ఆ మధ్యకాలానికి లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. అంతకన్నా అన్ననో బావనో అడగడం నయం.

ఇంట్లో ఎలా చెప్పాలన్నది కూడా చిన్న విషయం కాదు. "బీటెక్ చదివి కాల్ సెంటరా?" అన్న మాట మన ఇళ్లలో ఇంకా వస్తుంది. దాచిపెడితే రాత్రి షిఫ్టులో ఉండగా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒక అబద్ధం చెప్పాలి. ఒక్కసారే చెప్పేయండి: "నాన్నా, ఖర్చులకి ఇబ్బంది లేకుండా ఇందులో చేరుతున్నా. నా లైన్‌లో వెతకడం ఆపను." బంధువులకు ఏం చెప్పుకుంటారో వాళ్లే చూసుకుంటారు.

ఏ ప్రాసెస్ మీకు పనికొస్తుంది

కాల్ సెంటర్‌లో ఒక్కో రకం పనిని ప్రాసెస్ అంటారు. ఇన్‌బౌండ్ అంటే కస్టమర్లే మనకి ఫోన్ చేస్తారు. అవుట్‌బౌండ్ అంటే మనమే చేయాలి, అందులో ఎక్కువ భాగం అమ్మకాలు, బాకీల వసూళ్లే. తాత్కాలికంగా చేరేవాళ్లకి ఇన్‌బౌండ్ సర్వీస్ మేలు. సేల్స్‌లో టార్గెట్ ఇంటికి కూడా వెంట వస్తుంది, సెలవు రోజున కూడా మనసు దాని మీదే ఉంటుంది. వసూళ్ల పని అయితే ఒకటి గుర్తుంచుకోండి: ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీదారుకి వసూలు కోసం ఫోన్ చేయకూడదని 2022లో రిజర్వ్ బ్యాంక్ స్పష్టంగా చెప్పింది. ఆ వేళలు దాటి చేయమనే చోట, బూతులు తిట్టమనే చోట, బంధువులకు ఫోన్ చేసి పరువు తీయమనే చోట ఒక్కరోజు కూడా ఉండొద్దు.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. మీ చదువుకి దగ్గరగా ఉండే ప్రాసెస్ ఎంచుకుంటే తర్వాత రెజ్యూమెలో దానికి విలువ వస్తుంది. ఐటీ వైపు వెళ్లాలనుకుంటే టెక్నికల్ సపోర్ట్, సర్వీస్ డెస్క్ లాంటివి అడగండి. అక్కడ టికెటింగ్ టూల్స్, వీపీఎన్, పాస్‌వర్డ్ రీసెట్, నెట్‌వర్క్ సమస్యలు చేతి మీదుగా నడుస్తాయి. బీకామ్, ఎంబీఏ వాళ్లు బ్యాంకింగ్, కార్డుల ప్రాసెస్ చూడాలి. బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లకి అమెరికా ఆసుపత్రుల బిల్లులు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసే ఏఆర్ కాలింగ్ ఉంది. అయితే అది రాత్రి పనే.

మన భాషని తక్కువ అంచనా వేయకండి. బెంగళూరులో ఈ-కామర్స్, ఫుడ్ డెలివరీ, టెలికాం, బ్యాంకు యాప్‌ల సపోర్టుకి తెలుగు మాట్లాడేవాళ్లు కావాలి. తెలుగుతో పాటు కన్నడమో హిందీనో వస్తే ఇంకా మంచిది. హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి కన్నడం ఎంతో కొంత వచ్చు, అయినా రెజ్యూమెలో రాయరు. రాయండి. ప్రాంతీయ భాషల ప్రాసెస్‌లు ఎక్కువగా పగలే ఉంటాయి, అది మీకు పెద్ద లాభం.

షిఫ్టు లెక్క

ఇంటర్వ్యూలు ఎప్పుడు జరుగుతాయో ఆలోచించండి: సోమవారం నుంచి శుక్రవారం దాకా, పది నుంచి ఆరు మధ్య. మీరు తొమ్మిది నుంచి ఆరు షిఫ్టులో కూర్చుంటే ఒక్క ఇంటర్వ్యూకి కూడా సెలవు పెట్టకుండా వెళ్లలేరు. అందుకే పగటి షిఫ్టే ఎప్పుడూ మంచిదని నేను అనను. దొరికితే ఉదయం ఆరూ ఏడు మధ్య మొదలై మధ్యాహ్నం మూడూ నాలుగు మధ్య ముగిసే షిఫ్టు అన్నిటికన్నా మంచిది. సాయంత్రం ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి, చదువుకోవడానికి టైమ్ ఉంటుంది, రాత్రి నిద్రా దక్కుతుంది. తర్వాతి స్థానం మధ్యాహ్నం మొదలయ్యే యూకే షిఫ్టుది, పొద్దున్నంతా మీదే.

అమెరికా షిఫ్టులో అలవెన్స్ ఉంటుంది, క్యాబ్ ఉంటుంది, జీతం కాస్త ఎక్కువ. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకి వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్లు మార్చిలో, నవంబర్‌లో గడియారాలు మార్చినప్పుడు మన లాగిన్ కూడా గంట మారుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి రూముకి వచ్చి పన్నెండింటిదాకా పడుకుంటే మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకూ ఖాళీ. కాగితం మీద బాగానే ఉంటుంది. కొన్ని వారాలు గడిచాక ఆ మూడు గంటల్లో మంచం దిగడమే కష్టం. వెళ్లాల్సి వస్తే "నాలుగు నెలలే" అని తేదీ రాసిపెట్టుకుని వెళ్లండి. నాలుగు నెలల తర్వాత షిఫ్టు మార్చమని టీమ్ లీడర్‌ని అడగండి.

రొటేషనల్ షిఫ్టు అంటే వారానికో రెండు వారాలకో వేళలు మారిపోతాయి. ఒంటికీ, ఉద్యోగ వేటకీ ఇంతకన్నా చెడ్డది లేదు. రొటేషనల్ వీక్ ఆఫ్ మాత్రం వేరు. శనాదివారాలు కాకుండా మంగళ, బుధవారాలు సెలవు ఇస్తామంటే అందరూ ముఖం ముడుచుకుంటారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి అదే వరం, ఎవరికీ చెప్పకుండా, సెలవు పెట్టకుండా ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు. వారం మధ్యలో సెలవు కావాలని మీరే అడగండి, సంతోషంగా ఇస్తారు.

వెతకడం, మోసాల నుంచి తప్పించుకోవడం

నౌక్రీ, ఇండీడ్, లింక్డ్‌ఇన్, అప్నా, వర్క్‌ఇండియా లాంటి చోట్ల "తెలుగు ప్రాసెస్", "కస్టమర్ సపోర్ట్", "వాయిస్ ప్రాసెస్" అని వెతకండి. ఇప్పటికే పనిచేస్తున్న స్నేహితుడు రెఫర్ చేస్తే ఇంకా మంచిది. తనకి రెఫరల్ బోనస్ వస్తుంది, మీకు లోపలి సంగతులు ముందే తెలుస్తాయి. ఆఫీసు ఎక్కడుందో కూడా చూసుకోండి. మీరు బొమ్మనహళ్లిలో ఉంటూ నాగవార దగ్గర మాన్యతా టెక్ పార్క్‌లో చేరితే జీతంలో కొంత, ఆయుష్షులో కొంత సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌కే పోతుంది. ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండేవాళ్లకి 2025 ఆగస్టులో మొదలైన ఎల్లో లైన్ మెట్రో, వైట్‌ఫీల్డ్ వైపు వాళ్లకి పర్పుల్ లైన్ ఉన్నాయి. కానీ రాత్రి షిఫ్టు ముగిసే వేళకి మెట్రో ఉండదని మర్చిపోవద్దు.

డబ్బు అడిగితే అక్కడితో ఆగిపోండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, యూనిఫాం, ఏ పేరుతో అడిగినా సరే. అసలైన కన్సల్టెన్సీకి డబ్బులిచ్చేది కంపెనీ, మీరు కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరి దగ్గరా వదిలిపెట్టకండి. ఆఫర్ లెటర్ కంపెనీ సొంత ఈ-మెయిల్ నుంచి రావాలి. కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో, పీఎఫ్ చూసే ఈపీఎఫ్‌ఓ సైట్‌లో వెతికి చూడండి.

చేరాక తేలే మోసం ఇంకా ప్రమాదం. స్క్రిప్టులో మిమ్మల్ని బ్యాంకు మనిషిననో, విదేశీ పన్ను శాఖ అధికారిననో, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజనీర్‌ననో చెప్పమన్నా, అవతలివాళ్ల కంప్యూటర్ మీద రిమోట్ యాప్ వేయించి గిఫ్ట్ కార్డులు కొనిపించమన్నా అది దొంగ కాల్ సెంటర్. పోలీసులు వచ్చినప్పుడు ఓనర్‌తో పాటు ఫోన్లు మాట్లాడిన పిల్లల్నీ పట్టుకెళ్తారు. "నాకు తెలీదు సార్, జీతానికి చేశాను" అన్నా కేసు ఆగదు. అనుమానం వచ్చిన రోజే బయటపడి, 1930 సైబర్ క్రైమ్ నంబర్‌కి చెప్పండి.

కంబోడియా, మయన్మార్, లావోస్‌లో డేటా ఎంట్రీ, కాల్ సెంటర్ ఉద్యోగం, లక్ష జీతం అనే ఏజెంట్లకి అసలు జవాబివ్వొద్దు. అలా వెళ్లి పాస్‌పోర్టులు లాగేసుకున్నవాళ్ల చేతుల్లో చిక్కి, సైబర్ మోసాలు చేయాల్సి వచ్చిన ఉత్తరాంధ్ర కుర్రాళ్ల సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఉద్యోగం లేక ఆత్రంగా ఉన్నవాళ్లనే ఆ ఏజెంట్లు ఏరుకుంటారు.

ఇంటర్వ్యూకి తయారవడం

మామూలుగా హెచ్‌ఆర్ రౌండ్, ఒక వాయిస్ పరీక్ష, తర్వాత ఆపరేషన్స్ వాళ్ల రౌండ్ ఉంటాయి. చాట్ ప్రాసెస్ అయితే టైపింగ్ పరీక్ష కూడా పెడతారు. వాయిస్ పరీక్షగా చాలాచోట్ల వర్సెంట్ వాడతారు. అందులో వాక్యాలు చదవాలి, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి, చెల్లాచెదురుగా ఇచ్చిన మాటలతో వాక్యం కట్టాలి, చిన్న కథ విని మీ మాటల్లో చెప్పాలి. తెలివిని కొలిచే పరీక్ష కాదది, చెవినీ నోటినీ కొలుస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న చోట మంచి హెడ్‌సెట్‌తో రాయండి. పీజీ రూములో ఫ్యాను శబ్దం మధ్య రాసి మార్కులు పోగొట్టుకోవద్దు.

మన తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు పట్టుకునేవి కొన్నే. ఒకటి, మాట చివర అచ్చు చేర్చడం: బస్‌ని బస్సు అన్నట్టు కాల్‌ని "కాలు", డేట్‌ని "డేటు" అనేస్తాం. రెండోది, "ఓన్లీ" అనాల్సిన చోట "వొన్లీ", "ఎయిట్" అనాల్సిన చోట "యయిట్". మూడోది జీరోలో మొదటి శబ్దం. మనకి ఆ అక్షరం లేదు కాబట్టి "జ" అంటాం. పళ్లు దగ్గరపెట్టి తేనెటీగ ఝుమ్మన్నట్టు పలికితే వస్తుంది. వీటన్నిటికన్నా పెద్ద సమస్య వేగం, ఊపిరి తీసుకోకుండా మాట్లాడేస్తాం. రోజూ ఒక పేరా బిగ్గరగా చదివి ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మొదట్లో మీ గొంతు మీకే నచ్చదు, అయినా వినండి. విదేశీ యాస పెట్టనక్కర్లేదు. స్పష్టంగా, నెమ్మదిగా పలికితే చాలు.

"మీ గురించి చెప్పండి" అంటే ఊరు, నాన్నగారి ఉద్యోగం, తమ్ముడి చదువు చెప్పుకుంటూ పోకండి. చదువు, ఇంతకుముందు చేసిన పని, వచ్చిన భాషలు, షిఫ్టుకి సిద్ధమన్న మాట, అంతా నిమిషంలో అయిపోవాలి. అసలు ఇరకాటం ఆ తర్వాత వస్తుంది: "మీరు ఇంజనీరింగ్ చదివారు, మూడు నెలల్లో వెళ్లిపోరని నమ్మకమేంటి?" ఇక్కడ చాలామంది "నాకు చిన్నప్పటి నుంచి బీపీఓ అంటే ఇష్టం" అని చెప్తారు, ఎదుటివాళ్లు నమ్మరు. ఉన్నది చెప్పండి: "ఇప్పుడు నాకు పని అవసరం. ఫోన్‌లో ఓపికగా మాట్లాడగలను. ట్రైనింగ్ పూర్తి చేస్తాను, సెలవులు పెట్టను, ఎప్పుడు వెళ్లినా నోటీసు పూర్తిగా చేసి వెళ్తాను." ఇవి మీరు నిజంగా నిలబెట్టుకోగల మాటలు, నియామకం చేసేవాళ్లకి కావలసిందీ ఇదే.

బ్యాక్‌లాగ్‌లు ఉంటే దాచకండి. ఇంటర్ అర్హత చాలే ప్రాసెస్‌లు ఎన్నో ఉన్నాయి. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు కొనమని మీకు ఎవరైనా చెబితే వినకండి. పీఎఫ్ కట్టిన పాత ఉద్యోగాల వివరాలు, కంపెనీలు మారినా మారని యూఏఎన్ అనే నంబర్ కింద పీఎఫ్ రికార్డులో ఉంటాయి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అవే చూస్తారు. నిజంగా చేసిన ఎనిమిది నెలల కాల్ సెంటర్ పని, కొనుక్కున్న మూడేళ్ల అబద్ధం కన్నా గట్టిది.

ఆఫర్ చేతికొచ్చాక

ఏడాదికి 3 లక్షలు అంటే నెలకి 25,000 కదా అని అద్దె ఇల్లు చూసుకునేవాళ్లున్నారు. ఒకసారి విడగొట్టి చూద్దాం. బేసిక్ 12,500 అనుకోండి. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం అంటే 1,500, గ్రాట్యుటీ పేరుతో సుమారు 600, టార్గెట్ చేరితేనే వచ్చే ఇన్సెంటివ్ 2,000, ఈఎస్‌ఐలో (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కంపెనీ వాటా 3.25 శాతం అంటే దాదాపు 660. ఇవన్నీ ఆ 25,000 లోపలివే. మిగిలిన 20,240 మీ గ్రాస్, అంటే మీ కోతలకు ముందు జీతం. అందులోంచి మీ వాటా పీఎఫ్ 1,500, ఈఎస్‌ఐ 0.75 శాతం పోతాయి. చేతికి వచ్చేది పద్దెనిమిదిన్నర వేలు. పీజీ అద్దె కట్టాల్సింది దీంట్లోంచే. కంపెనీని బట్టి విడగొట్టే తీరు మారుతుంది కాబట్టి "చేతికి ఎంత వస్తుంది, అందులో ఇన్సెంటివ్ ఎంత?" అని సూటిగా అడగండి, మెయిల్‌లో రాయించుకోండి.

నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. ఆ కార్డు నిర్లక్ష్యం చేయకండి. ఉద్యోగం లేని రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా పోయినవాళ్లకి, అమ్మానాన్నలు మీ సంపాదన మీదే ఆధారపడి ఉంటే వాళ్లకి కూడా, ఈఎస్‌ఐ ఆసుపత్రుల్లో వైద్యం అందడం చిన్న సంగతి కాదు. పాత యూఏఎన్ ఉంటే అదే ఇవ్వండి, కొత్తది తెరిపించొద్దు.

సంతకం పెట్టేముందు ఇవి కూడా అడగండి: ట్రైనింగ్‌లో పూర్తి జీతమా, సగమా? ట్రైనింగ్ చివర పెట్టే సర్టిఫికేషన్ పరీక్ష తప్పితే ఇంకో అవకాశం ఉందా, అప్పటిదాకా చేసిన రోజులకి జీతం ఇస్తారా? నోటీస్ ఎన్ని రోజులు? ఇంతకాలం మానకూడదనే బాండ్ ఉందా? క్యాబ్ మీ ఏరియాకి వస్తుందా, రెండు వైపులా ఉందా? బాండ్ ఉన్నచోట చేరకపోవడమే మంచిది, మీరు కొన్నాళ్లకే వస్తున్నారు కదా.

ఫ్లోర్ మీద

ట్రైనింగ్ తర్వాత నెస్టింగ్ అని కొన్నాళ్లు ఉంటుంది. పక్కన అనుభవం ఉన్నవాళ్లు వింటుండగా అసలు కాల్స్ తీసుకోవాలి. ఫోను, కాగితం, పెన్ను లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్లాలి. కస్టమర్ కార్డు నంబర్ అరచేతి మీద రాసుకున్నా ఉద్యోగం పోతుంది, కేసు కూడా కావచ్చు. కొలిచేవి ముఖ్యంగా మూడు: ఒక్కో కాల్‌కి పట్టే సగటు సమయం, కస్టమర్ ఇచ్చే రేటింగ్, క్వాలిటీ వాళ్లు విని వేసే మార్కులు. వెరిఫికేషన్ అడగకుండా ఖాతా వివరాలు చెప్పడం, తప్పు సమాచారం ఇవ్వడం లాంటివాటిని ఫేటల్ అంటారు, కాల్ ఎంత బాగా మాట్లాడినా మార్కులు సున్నా. మొదట్లో వేగం గురించి టెన్షన్ పడకండి. ఫేటల్ లేకుండా చూసుకోండి, వేగం తర్వాత దానంతటదే వస్తుంది.

ఒక కాల్ ఎలా ఉంటుందో చూడండి. డబ్బులు పంపే యాప్ తెలుగు లైన్‌కి ప్రొద్దుటూరు నుంచి ఒక పెద్దావిడ చేశారనుకుందాం. "నాయనా, మా మనవడికి వెయ్యి రూపాయలు పంపితే వానికి పోలేదంట. నా లెక్కలో మాత్రం తగ్గినాయి." స్క్రిప్టులో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఉంటుంది. అది చదివితే ఆవిడ కంగారు ఇంకా పెరుగుతుంది. "అమ్మా, నేను చూస్తున్నా, లైన్‌లోనే ఉండండి" అనండి. స్క్రీన్ తెరుచుకునేలోపు మౌనంగా ఉండిపోవద్దు, "ఏ రోజు పంపారమ్మా, పొద్దునా సాయంత్రమా?" అని అడుగుతూ ఉండండి. చూశాక తేలింది మాత్రమే చెప్పండి: "మీరు పంపింది మధ్యలో ఆగిందమ్మా. తిరిగి మీ ఖాతాలోకే వస్తుంది. ఈ తేదీలోపు రాకపోతే మళ్లీ ఇదే నంబర్‌కి చేయండి, ఈ ఫిర్యాదు నంబర్ రాసుకోండి." సాయం చేద్దామని ఆవిడ పిన్ నంబర్ చదవబోతారు, వెంటనే ఆపాలి: "వద్దమ్మా, అది నాకు కూడా చెప్పకూడదు. ఎవరడిగినా చెప్పకండి." కాల్ అరనిమిషం ఎక్కువ పట్టినా ఆ చివరి మాట మానొద్దు. రేపు ఎవడో ఫోన్ చేసి అడిగినప్పుడు ఆవిడకి గుర్తొచ్చేది అదే.

అరిచేవాళ్లూ ఉంటారు. మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా చెప్పనివ్వండి, తర్వాత వాళ్ల సమస్యని వాళ్ల మాటల్లోనే ఒకసారి తిరిగి చెప్పండి, సగం కోపం అక్కడే తగ్గుతుంది. బూతులకి మాత్రం ఎన్ని హెచ్చరికల తర్వాత కాల్ పెట్టేయొచ్చో ట్రైనింగ్‌లోనే అడిగి తెలుసుకోండి. అలాంటి కాల్ తర్వాత రెండు నిమిషాలు బ్రేక్ అడగడానికి మొహమాటపడకండి. గొంతుకి చల్లటి నీళ్లు వద్దు, గోరువెచ్చనివి పక్కన పెట్టుకోండి.

రాత్రి షిఫ్టు తప్పకపోతే

పీజీ గేటు ఎన్నింటికి వేస్తారో అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి. పొద్దున టిఫిన్ వేళకి మీరు నిద్రలో ఉంటారు, రాత్రి భోజనం వేళకి ఆఫీసులో ఉంటారు, రెండు పూటల తిండికి డబ్బు కట్టి తినకుండా పోతారు. మీలాగే రాత్రి పనిచేసేవాళ్లతో రూము పంచుకోండి. పగలు వెళ్లేవాళ్లయితే పొద్దున్నే లైటు వేస్తారు, వాళ్ల తప్పూ కాదు. కిటికీకి మందపాటి నల్ల కర్టెన్ మీ డబ్బుతో అయినా కట్టించుకోండి. షిఫ్టు చివరి గంటల్లో టీ, కాఫీలు ఆపేస్తే నిద్ర త్వరగా పడుతుంది.

ఆడపిల్లలకి ఒక మాట గట్టిగా చెబుతున్నాను. 2005 డిసెంబర్‌లో బెంగళూరులో రాత్రి షిఫ్టుకి బయల్దేరిన ఒక బీపీఓ ఉద్యోగిని క్యాబ్ డ్రైవర్ చేతిలో హత్యకు గురైంది. రోజూ వచ్చే డ్రైవర్ బదులు వచ్చినవాడు అతను. అందుకే వాహనం నంబర్, డ్రైవర్ ఫోటో యాప్‌లో ఉన్నవాటితో కలవకపోతే ఎక్కకండి, ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి ఫోన్ చేసి నిర్ధారించుకోండి. లాగిన్ ఆలస్యమైతే కానివ్వండి. మొదటి పికప్ అయినా చివరి డ్రాప్ అయినా క్యాబ్‌లో గార్డు ఉండాలని పట్టుబట్టండి. రాత్రిపూట ఆడవాళ్లతో పనిచేయించుకునే కంపెనీ రవాణా, భద్రత తనే చూసుకోవాలి, ఇది అడుక్కునే విషయం కాదు. 112 స్పీడ్ డయల్‌లో పెట్టుకోండి.

వెతకడం ఆపకుండా, వెళ్లేటప్పుడు చెడగొట్టుకోకుండా

షిఫ్టులో ఫోన్ లాకర్‌లో ఉంటుంది కాబట్టి రిక్రూటర్ల కాల్స్ తప్పిపోతాయి. నౌక్రీ ప్రొఫైల్‌లో, రెజ్యూమె పైభాగంలో "ఈ వేళల మధ్య ఫోన్ చేయండి" అని రాయండి. బ్రేక్‌లో మిస్డ్ కాల్ చూసిన వెంటనే "షిఫ్టులో ఉన్నాను, ఫలానా టైమ్‌కి నేనే చేస్తాను" అని మెసేజ్ పెట్టండి. రోజూ రెండు గంటలు చదవాలని పెట్టుకుంటే సాగదు. పని రోజుల్లో అప్లై చేయడం మాత్రమే పెట్టుకుని, చదువు, మాక్ ఇంటర్వ్యూలు వీక్ ఆఫ్‌లకి వదిలేయండి. ఆర్నెల్లో ఏడాదో దాటాక లోపలి ఖాళీలకి కూడా అప్లై చేయొచ్చు. ఎక్సెల్ బాగా వస్తే రిపోర్టులు తయారుచేసే ఎంఐఎస్, రోస్టర్లు వేసే వర్క్‌ఫోర్స్ టీమ్, క్వాలిటీ టీమ్ లాంటి చోట్ల ఫోన్ నుంచి బయటపడొచ్చు, అక్కడి నుంచి డేటా వైపు వెళ్లినవాళ్లూ ఉన్నారు.

కొత్త ఆఫర్ వచ్చాక రేపటి నుంచి రాననే ఆలోచన వద్దు. అబ్‌స్కాండ్ అయితే రిలీవింగ్ లెటర్ రాదు, ఆఖరి లెక్క తేలదు, కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో అది ఎర్ర గీతై కూర్చుంటుంది. కొత్త కంపెనీకి ఇక్కడి నోటీస్ ఎంతో ముందే చెప్పండి, రాజీనామా మెయిల్‌లో పంపండి, ఆమోదం వచ్చిన జవాబుని సొంత మెయిల్‌కి పంపించుకోండి. ఈపీఎఫ్‌ఓ రికార్డులో మీరు మానేసిన తేదీ కంపెనీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. జీతం స్లిప్పులు, ఫారం 16, ఇన్సెంటివ్ లెటర్లు, క్వాలిటీ అవార్డు మెయిళ్లు ఉంటే అవి కూడా ఆఖరి రోజుకి ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆఖరి రోజు సాయంత్రానికి పోర్టల్ లాగిన్ తీసేస్తారు, తర్వాత ఒక్క స్లిప్పు కోసం హెచ్‌ఆర్‌కి పదిసార్లు మెయిల్ పెట్టాల్సి వస్తుంది.